నూరు కోడిపిల్లలు, నాలుగు వారాలు: బ్రూడర్‌లో వేడి, నీళ్లు, దాణా

తల్లికోడి ఉంటే ఈ వ్యాసంతో పనే లేదు. పిల్లలకు చలేస్తే రెక్కల కిందికి తీసుకుంటుంది, గింజ కనిపిస్తే కొక్కొక్కొమని పిలిచి చూపిస్తుంది, నీళ్ల దగ్గరికి వెంటబెట్టుకుని పోతుంది. హేచరీ నుంచి, అంటే గుడ్లను యంత్రంలో పొదిగించే చోటు నుంచి, అట్టపెట్టెలో వచ్చే పిల్లలకు అమ్మ లేదు. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలైనా, అసీల్ అయినా, పొదిగించింది యంత్రమైతే నాలుగైదు వారాలపాటు తల్లి పని మనదే. అందుకోసం కట్టే ఏర్పాటే బ్రూడర్.

కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: "మూడు రోజులు బాగానే ఉన్నాయి, నాలుగో రోజు నుంచి రాలిపోతున్నాయి." దానికి కారణం నాలుగో రోజు వెతికితే దొరకదు. పొట్టలో మిగిలిన పచ్చసొన పిల్లను రెండు మూడు రోజులు నడిపిస్తుంది. మొదటి రోజు నీళ్లు, దాణా దొరకని పిల్ల కూడా అప్పటిదాకా మామూలుగానే తిరుగుతుంది. సొన అయిపోయాక పడిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో సగం మొదటి రోజు గురించే.

లెక్కలన్నీ 100 పిల్లలకు ఇస్తున్నాం. హేచరీ పెట్టె సాధారణంగా నాలుగు గదులతో, గదికి 25 చొప్పున వస్తుంది. నూటికి ఒకటి రెండు అదనంగా వేయడం రివాజు.

పిల్లలు రాకముందు

పాత బ్యాచ్ ఉన్న గదైతే వారం పది రోజుల ముందే ఊకంతా ఎత్తేయాలి. రెట్ట గీకి, కడిగి, సున్నం కొట్టి, బాగా ఆరనివ్వాలి. తడి గదిలో ఊక పోస్తే రోగాన్ని పరుపు కింద దాచినట్టే. గదికి ఎలుక దూరే సందు ఉండకూడదు. కిటికీలకు అరంగుళం కన్ను ఉన్న జాలీ కొట్టాలి. ఒక్క పందికొక్కు ఒక్క రాత్రిలో పదిహేను ఇరవై పిల్లల్ని చంపేయగలదు. పిల్లి, కాకి, పాము సంగతి చెప్పనక్కర్లేదు.

నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండిన వరి ఊక పరవాలి. ఊక పిడికెడు తీసి వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, బూజు కనిపించినా వాడొద్దు. ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే చప్పుడు లేకుండా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ చచ్చిపోతాయి, దానికి మందు లేదు. సన్నటి రంపపు పొట్టు కూడా వద్దు, దాణా అనుకుని తినేస్తాయి.

ఊక మీద మొదటి రెండు మూడు రోజులు కాగితం వేస్తారు, పిల్లలు ఊక తినకుండా. ఇక్కడొక తిరకాసు. నున్నటి న్యూస్‌పేపర్ మీద కాళ్లు జారి, రెండు పక్కలకూ చీలిపోయి, పిల్ల ఎప్పటికీ నిలబడలేకపోవచ్చు. గరుకు అట్ట, లేదా ఉతికి ఎండబెట్టిన గోనె పట్టా మేలు. న్యూస్‌పేపరే గతైతే నాలుగైదు పొరలు వేసి, పై పొరను రోజూ తీసేస్తుండాలి. మూడో రోజు తర్వాత ఏదీ ఉంచొద్దు.

చుట్టూ గుండ్రంగా కట్టే అడ్డాన్ని చిక్ గార్డ్ అంటారు. రేకు, అట్ట, వెదురు తడిక, ఏదైనా సరే. ఎత్తు అడుగున్నర, అడ్డకొలత ఆరడుగులు. అంటే సుమారు 19 అడుగుల పొడవు పట్టుకుంటే సరిపోతుంది. చతురస్రంగా కట్టొద్దు. చలేసినా బెదిరినా పిల్లలు మూలకు పరిగెత్తి ఒకదానిమీదొకటి పడతాయి, కింద ఉన్నవి ఊపిరాడక పోతాయి. గుండ్రటి దానికి మూలే లేదు. మూడో నాలుగో రోజు నుంచి రోజూ కొంచెం జరిపి వెడల్పు చేస్తూ, వారం పది రోజులకు తీసేయాలి. ఆరడుగుల వృత్తంలో వచ్చేది 28 చదరపు అడుగులే. వారం తిరిగేసరికి పిల్లకు అర చదరపు అడుగు, నెల నిండేసరికి ఒక చదరపు అడుగు ఇవ్వాలి. 10 × 10 అడుగుల గది నూరు పిల్లలకు నెలదాకా సరిపోతుంది.

వేడి

చలికాలం పిల్లకు 2 వాట్లు, ఎండాకాలం ఒక వాటు అన్నది మోటు లెక్క. నూరు పిల్లలకు చలికాలంలో 200 వాట్లు. ఒక్క పెద్ద బల్బు కంటే 60 వాట్లవి మూడు నాలుగు వేయడం మంచిది, అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా మిగిలినవి కాపాడతాయి. పాతకాలం ఫిలమెంట్ బల్బులే కావాలి. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడివ్వదు. గది ధగధగ మెరుస్తున్నా పిల్లలు చలికి చస్తుంటాయి.

బల్బులను నేల నుంచి అడుగున్నర ఎత్తున, తలకిందులు చేసిన వెదురు గంపకో, రేకు డబ్బాకో బిగించి వేలాడదీయండి. వేలాడేది గొలుసు మీద ఉండాలి, కరెంటు వైరు మీద కాదు. వైరు తెగి బల్బు ఊకలో పడితే షెడ్డంతా బుగ్గే.

| వయసు | బల్బు అంచు దగ్గర, పిల్లల వీపు ఎత్తున వేడి |
|---|---|
| 1వ వారం | 33–35 డిగ్రీలు |
| 2వ వారం | 30–32 డిగ్రీలు |
| 3వ వారం | 27–29 డిగ్రీలు |
| 4వ వారం | 24–26 డిగ్రీలు |

ఇవి సెల్సియస్ లెక్కలు. థర్మామీటరును ఊకకు రెండంగుళాల పైన కట్టండి, గోడ మీద కాదు. గోడ దగ్గరి వేడి మనకు తెలుస్తుంది, పిల్లకు తెలిసేది నేల దగ్గరిది. పిల్లలు వచ్చాక బల్బు వేయడం మరో పొరపాటు. గాలి త్వరగానే వేడెక్కుతుంది, ఊకకు చాలాసేపు పడుతుంది. చల్లటి ఊక మీద నిలబడితే పాదాల నుంచి పొట్ట చల్లబడి, పచ్చసొన అరగడం మందగిస్తుంది. చలికాలంలో 24 గంటల ముందు, ఎండాకాలంలో ఐదారు గంటల ముందు బల్బులు వేసి ఉంచాలి.

ఇంతకీ థర్మామీటరు కంటే పిల్లల్ని చూడటమే నమ్మకం. బల్బు కిందికి గుమిగూడి కీచుకీచుమని అరుస్తుంటే చలి. అంచులకు పోయి రెక్కలు వేలాడేసి నోరు తెరిస్తే ఉక్క. అన్నీ ఒకే పక్కకు చేరితే అవతలి పక్కనుంచి చల్లగాలి కొడుతోందని అర్థం, ఆ సందు వెతికి మూయండి. గార్డంతా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని కాళ్లు చాపి పడుకుని, సన్నగా కిచకిచలాడుతుంటే అంతా బాగున్నట్టు. రాత్రి పదకొండుకోసారి, తెల్లవారుజామున నాలుగుకోసారి చూడాలి. ముంచేది ఆ రెండో వేళే. సాయంత్రం సరిపోయిన వేడి తెల్లారుజాము చలికి చాలదు.

ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. అక్కడ గోనె పట్టాలు చుట్టూ కట్టక తప్పదు. అయినా పైన అడుగు మేర వదిలేయండి. అంతా బిగించేస్తే రెట్టలోంచి వచ్చే అమ్మోనియా లోపలే నిలుస్తుంది. మీరు వంగి పిల్లల ఎత్తున ముఖం పెట్టినప్పుడు కళ్లు మండితే అది అప్పటికే మోతాదు మించినట్టు.

మే నెలలో గుంటూరు, ఖమ్మం, రామగుండం ప్రాంతాల్లో లెక్క తిరగబడుతుంది. మధ్యాహ్నం షెడ్డులోనే 40 దాటుతుంది. అప్పుడు బల్బులు ఆర్పి, పైకప్పు మీద వరిగడ్డి పరిచి తడపండి. పక్కల పట్టాలు ఎత్తి గాలి ఆడనివ్వండి. వేడికాలం కదా అని రాత్రి కూడా బల్బు మరిచిపోవద్దు. మొదటి వారంలో 28 డిగ్రీల రాత్రి మనకు ఉక్కపోత, పిల్లకు చలి.

కరెంటు పోతే? బొగ్గుల కుంపటి పెడతారు చాలామంది. బొగ్గు బయటే రాజేసి, పొగ పోయి ఎర్రగా నిప్పయ్యాక లోపల పెట్టండి. చుట్టూ జాలీ, పైన గాలి పోయే సందు తప్పనిసరి. మూసిన గదిలో కుంపటి వల్ల వచ్చే విషవాయువు పిల్లలతోపాటు కాపలా మనిషినీ చంపుతుంది. రెండు మూడు గంటలకైతే వేడినీళ్లు నింపిన స్టీలు క్యాన్లకు గోనెసంచి చుట్టి మధ్యలో పెట్టడం అంతకంటే భద్రం. చీకటి అలవాటు లేని పిల్లలు ఒక్కసారి దీపం పోతే బెదిరి కుప్పపడతాయి. నాలుగో రోజు నుంచి వెచ్చటి వేళ చూసి రోజూ గంటసేపు చీకటి చేసి అలవాటు పెట్టండి.

దిగిన మొదటి 24 గంటలు

పెట్టెలు రాకముందే నీళ్లు పెట్టి ఉండాలి. రెండు లీటర్ల డ్రింకర్లు మూడు చాలు. వాటిని బల్బు కింద సరిగ్గా మధ్యలో కాక, వెలుగు అంచున పెట్టాలి. లేకుంటే నీళ్లు వేడెక్కుతాయి. పళ్లెంలో పెట్టాల్సి వస్తే గోలీలో గులకరాళ్లో వేయండి. అరంగుళం లోతు నీళ్లు చాలు పిల్ల మునిగిపోవడానికి. మునగకపోయినా తడిసిన పిల్ల చలికి పోతుంది.

మొదటి నీళ్లలో లీటరుకు 50 గ్రాముల బెల్లమో గ్లూకోజో కలపొచ్చు. దూరం నుంచి వచ్చి వడలిపోయిన పిల్లలకు అది పనిచేస్తుంది. నాలుగైదు గంటల తర్వాత మాత్రం మంచినీళ్లకు మారాలి. బలమని మూడు రోజులు బెల్లం నీళ్లే పోస్తే రెట్ట జిగురై వెనక అంటుకుంటుంది, డ్రింకర్ పులిసి చీమలు పడతాయి.

ఒక్కొక్క పిల్లనూ పెట్టెలోంచి తీసి, ముక్కు చివర నీళ్లలో ముంచి వదలండి. ముక్కురంధ్రాలు మునగనీయొద్దు. నూరింటికి అరగంట పడుతుంది, లెక్క కూడా అందులోనే అయిపోతుంది. అందరూ ఎగ్గొట్టేది ఈ అరగంటే. ఒక్కో పిల్ల చేతికొచ్చినప్పుడే బొడ్డు చూడండి. పొడిగా మూసుకుని ఉండాలి. ఎర్రగా, తడిగా, నల్లటి పొక్కుతో ఉబ్బి వాసన వస్తుంటే అది పొదిగే దగ్గరే అంటుకున్న రోగం, బతికేది తక్కువ. అలాంటివి ఐదారు కనిపిస్తే ఫోటో తీసి హేచరీకి ఆ రోజే చెప్పండి.

నీళ్లు తాగిన గంట, రెండు గంటలకు దాణా. మొదటి రోజు మొక్కజొన్న రవ్వను కాగితం మీద పలచగా చల్లాలి. బొంబాయి రవ్వంత పలుకు ఉంటే చాలు. పిల్లల కాళ్ల కింద కాగితం చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడుకు మిగిలినవి చేరతాయి. ఒకేసారి పోయకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం చల్లండి. చల్లిన ప్రతిసారీ ముక్కుతో పొడవడం మొదలుపెడతాయి. చిన్న ట్రేలు రెండింటిలో దాణా కూడా పక్కనే ఉంచితే రెండో రోజుకల్లా అటు మళ్లుతాయి.

తిన్నాయో లేదో ఊహించక్కర్లేదు. మెడ కింద, రొమ్ముకు పైన ఉండే మేతసంచి వేలితో తడమండి. దిగిన ఎనిమిది గంటలకు ఇరవై పిల్లల్ని అక్కడక్కడ నుంచి పట్టి చూస్తే, కనీసం పదహారింటికి మెత్తగా, గుండ్రంగా నిండి ఉండాలి. గట్టిగా రవ్వలా తగిలితే తిన్నాయి గానీ తాగలేదు. సంచి నీళ్లతిత్తిలా జారితే తాగాయి గానీ తినలేదు. మరుసటి రోజు అదే వేళకు దాదాపు అన్నీ నిండి ఉండాలి. ఖాళీగా ఉన్నవాటిని వేరు చేసి, చిన్న అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి, గంటకోసారి ముక్కు ముంచండి. సగం బతుకుతాయి. గుంపులో వదిలేస్తే ఒక్కటీ మిగలదు.

నీళ్లు, ఆ తర్వాతి రోజుల్లో

బరువు లెక్కన పిల్ల తినేదానికి రెండింతలు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నూరు పిల్లలకు మొదటి వారం రోజుకు రెండు లీటర్లలోపే, నాలుగో వారానికి ఆరేడు లీటర్లు. ఈ లెక్క ఒక కాగితం మీద రాస్తూ పోండి. దాణా తగ్గకముందే నీళ్లు తగ్గుతాయి. జబ్బు రాబోతోందని చెప్పే మొదటి కబురు అదే.

మేలో డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, పిల్లలు ముట్టవు. దాహంతో ఉంటాయి, డ్రింకర్ నిండుగానే ఉంటుంది, మనకేమో తాగుతున్నాయనే భ్రమ. కుండ నీళ్లు వాడండి, పూటకు మూడుసార్లు మార్చండి. చలికాలం పొద్దున బోరు నీళ్లలో కాస్త వేణ్నీళ్లు కలిపి గోరువెచ్చగా ఇవ్వాలి.

డ్రింకర్ రోజూ రెండుసార్లు కడగాలి, వేలు పెట్టి రుద్ది. కడిగాక జారుడు తగిలితే అది మురికి కాదు, బ్యాక్టీరియా కట్టిన పొర. రెండో వారం నుంచి ఇటుక మీద పెట్టి, అంచు పిల్ల వీపు ఎత్తున ఉండేలా చూడాలి. ఎత్తు తక్కువైతే ఊక గిలకొట్టి అందులో పోస్తాయి, దాంట్లోనే రెట్ట వేస్తాయి.

దాణా

ఊళ్లో కోడిపిల్లలకు నూకలు చల్లడం అలవాటు. పెరట్లో తిరిగే పిల్ల నూకలతో పాటు చెదలు, పురుగులు, గడ్డి ఏరుకుంటుంది కాబట్టి సరిపోయేది. బ్రూడర్‌లో చెదలెక్కడివి? నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం దగ్గరే, పిల్లకు కావాల్సింది ఇరవై. నూకల మీదే పెంచితే మూడో వారానికి ఈకలు రాక, రెక్కలు వేలాడి, ఒకే వయసు పిల్లలు మూడు సైజుల్లో కనిపిస్తాయి. ఒకటీ రెండు రోజులు నూకలైనా రవ్వయినా పరవాలేదు, తర్వాత చిక్ స్టార్టర్ మ్యాష్, అంటే పిల్లల కోసమే తయారుచేసే పొడి దాణా పెట్టాల్సిందే.

గుడ్ల కోళ్ల దాణా చవకగా దొరికిందని పెట్టొద్దు. గుడ్డు పెంకు కోసం అందులో సున్నం మూడు శాతం దాటి ఉంటుంది. పిల్ల మూత్రపిండాలు దాన్ని వదిలించుకోలేవు.

మొదటి వారం పిల్ల రోజుకు 8–10 గ్రాములు, రెండో వారం 15, మూడో వారం 22–25, నాలుగో వారం 30 గ్రాముల పైన తింటుంది. నూరింటికి నెలకు 50 కిలోల బస్తా ఒకటి, పైన ఐదారు కిలోలు. ఇంత చిన్న మోతాదుకు మొక్కజొన్న, సోయాచెక్క కొని ఇంట్లో కలుపుకోవడం దండగ. విటమిన్లు, లవణాలు చిటికెల్లో సమంగా కలవవు. బస్తా కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి. వానాకాలంలో బస్తాను నేలమీద కాక చెక్క మీద పెట్టండి. గడ్డకట్టినా పచ్చబూజు పట్టినా ఆ భాగం తీసేసి మిగతాది పెట్టడం కుదరదు, విషం బస్తా అంతటా ఉంటుంది.

మూడో రోజు నుంచి ట్రేలు, పదో రోజు నుంచి పొడుగు ఫీడర్లు. మూడో వంతు మించి నింపొద్దు. నిండుగా పోస్తే చిమ్మేస్తాయి. అన్ని పిల్లలూ ఒకేసారి తినడానికి చోటుండాలి. మొదటి రెండు వారాలు పిల్లకు అంగుళం, తర్వాత రెండంగుళాలు. చోటు చాలకపోతే బలమైనవే బలుస్తాయి.

వెనక అంటుకుపోవడం, రక్తపారుడు, ఇంకొన్ని

మొదటి వారంలో తరచూ కనిపించేది వెనక రెట్ట ఎండి ద్వారం మూసుకుపోవడం. ప్రయాణ బడలిక, వేడి ఎక్కువో తక్కువో కావడం, తీపి నీళ్లు, అన్నీ కారణాలే. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి రెండు నిమిషాలు నాననిచ్చి తుడవాలి. పొడిగా ఉన్నప్పుడు పీకితే చర్మం ఊడి రక్తం వస్తుంది, మిగతా పిల్లలు దాన్ని పొడుస్తాయి. తుడిచాక కాస్త కొబ్బరినూనె రాసి, ఆరేదాకా బల్బు దగ్గర ఉంచండి. పొట్ట వైపున్న బొడ్డు మీది ఎండిన పొక్కును రెట్ట అనుకుని లాగినవాళ్లున్నారు. జాగ్రత్త, లాగితే పేగు బయటికొస్తుంది.

మూడో వారం నుంచి భయపడాల్సింది రక్తపారుడుకు, అంటే కాక్సిడియోసిస్‌కు. దాని క్రిమి రెట్టలో బయటపడి, తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే దశకు వస్తుంది. ఊక పొడిగా ఉంటే చాలావరకు ఆగుతుంది. రోజూ పొద్దున ఊకను కలియబెట్టండి. పిడికెడు తీసి నొక్కి వదలండి. లడ్డూలా నిలిస్తే తడి ఎక్కువ, విడిపోతే సరి. డ్రింకర్ చుట్టూ తడిసిన ఊకను ఏరోజుకారోజు తీసి కొత్తది వేయాలి.

పిల్లలు ఈకలు ఉబ్బించి ముడుచుకుని, రెట్టలో రక్తం కనిపిస్తే నీళ్లలో ఆంప్రోలియం అనే మందు కలిపి పెడతారు. 20 శాతం పొడి అయితే లీటరుకు 0.6 నుంచి 1.2 గ్రాములు, ఐదు రోజులు. ఆ రోజుల్లో వేరే నీళ్లేవీ ఉంచొద్దు, అదే తాగాలి. ఈ మందు ఆ క్రిమికి బి1 విటమిన్ అందకుండా చేసి చంపుతుంది. కాబట్టి బలానికని బి-కాంప్లెక్స్ కూడా కలిపితే మందు దండగే. విటమిన్లు మందు ఆపాకే ఇవ్వాలి.

తెల్లగా పారుతున్నా, ఒక రోజులో రెండు మూడు చచ్చినా, చచ్చిన పిల్లను సంచిలో కట్టి పశువైద్యుడికి చూపించండి. కోసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. మొదటి వారంలో నూటికి ఒకటి రెండు పోవడం మామూలు, దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఏ రోగమూ లేకుండా మొదటి రోజు నుంచే కొట్టించే అలవాటు మానుకోవాలి. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లోనే ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకుండా కేంద్రం నిషేధించింది. ఎవరైనా పాత చీటీ చూసి అది ఇవ్వజూపితే తీసుకోవద్దు.

టీకాలు

మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా హేచరీలోనే మొదటి రోజు వేసి పంపాలి, అడిగి తెలుసుకోండి. ఏడో రోజు కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా, కంట్లో ఒక చుక్క. రెప్ప ఆర్పేదాకా పట్టుకుని ఉండాలి. పద్నాలుగో రోజు గంబోరో అనే వైరస్ జబ్బుకు టీకా. ఇరవై ఎనిమిదో రోజు లసోటా మళ్లీ. మశూచి టీకా ఎప్పుడన్నది మీ ప్రాంతపు పశువైద్యుడు చెప్పినట్టు చేయండి.

టీకా సీసాను దుకాణం నుంచి ఐసు వేసిన ఫ్లాస్కులోనే తేవాలి. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. నీళ్లలో కలిపే టీకాకైతే బ్లీచింగ్ వేసిన నీళ్లు పనికిరావు, క్లోరిన్ టీకాలోని వైరస్‌ను చంపేస్తుంది. బావి నీళ్లో బోరు నీళ్లో తీసుకుని, లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తర్వాత టీకా కలపండి. ప్లాస్టిక్ పాత్రే వాడాలి. ముందు గంటన్నర నీళ్లు తీసేస్తే అన్నీ ఒకేసారి తాగుతాయి. ఎండాకాలంలో ఈ పని తెల్లారేలోపే ముగించాలి. జబ్బుతో ముడుచుకున్న పిల్లలకు టీకా వేయొద్దు.

బల్బు తీసేయడం

వీపు మీద, రెక్కల మీద ఈకలు పూర్తిగా కప్పుకుంటే వేడి అక్కర్లేదు. ఆ దశ ఎండాకాలంలో మూడు, నాలుగు వారాలకే వస్తుంది, చలికాలంలో ఐదారు పడుతుంది. ముందు పగలు ఆర్పండి. మూడు రోజులు చూసి, రాత్రి కూడా ఆర్పండి. ఆరిపోయిన బల్బు కిందే గుంపుగా పడుకుంటున్నాయంటే ఇంకా తొందరపడ్డట్టు. పెరట్లోకి వదలడం ఆరు వారాల తర్వాతే. మొదట సాయంత్రం గంటసేపు వదిలి, దాణా చూపించి లోపలికి పిలవడం నేర్పాలి. గొలుసు, బల్బు, హోల్డరు మాత్రం ఇంకో పది రోజులు అక్కడే వేలాడనివ్వండి. ముసురు పట్టిన రాత్రి తడిసి వచ్చిన పిల్లలకు మళ్లీ వేయాల్సి వస్తుంది.